మూల ఒకటే, స్పానిష్‌లో మాటలు రెండు: ఎస్కీనానా, రింకోనా?

ప్రశ్న (కొత్త చదువరి, హైదరాబాద్)

నమస్కారం. రెండేళ్లుగా స్పానిష్ నేర్చుకుంటున్నాను. క్రియారూపాలు కష్టమని అందరూ భయపెట్టారు గాని, అనువాదానికి కూర్చున్నప్పుడు నన్ను ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నవి నామవాచకాలే. ఇంగ్లిష్‌లో ఒకే మాట ఉన్నచోట స్పానిష్‌లో రెండు మూడు మాటలు ఉండడం, వాటి అర్థాలు నిఘంటువులో దాదాపు ఒకేలా కనబడడం నాకు పెద్ద చిక్కుగా మారింది.

మొన్న మా గురువుగారు రెండు పుటల ఇంగ్లిష్ కథనం ఇచ్చి స్పానిష్‌లోకి మార్చమన్నారు. అందులో 'కార్నర్' అనే మాట ఆరు చోట్ల వచ్చింది. వీధి చివర ఒక కిరాణా దుకాణం ఉంటుంది. దాని లోపల ఒక మూలన ముసలావిడ కూర్చుని ఉంటుంది. పరుగెత్తుకొచ్చిన మనవడి మోకాలికి బల్ల మూల తగులుతుంది. గోడమీది ఫొటోలో కుడివైపు పైమూలన ఒక తేదీ రాసి ఉంటుంది. ఆ ఇంటి పిల్లలు ప్రపంచం నలుమూలలా స్థిరపడ్డారని రచయిత చెబుతాడు. చివర్లో ముసలావిడ కంటి కొసనుంచి ఒకాయనను గమనిస్తుంది. నా దగ్గరున్న చిన్న నిఘంటువులో 'రింకోన్' ముందు కనబడింది కాబట్టి ఆరు చోట్లా అదే రాశాను. కాగితం తిరిగి వచ్చేసరికి నాలుగు చోట్ల ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి. సరే, తప్పు మాట పట్టుకున్నాననుకుని అన్నింటినీ 'ఎస్కీనా' చేసి మళ్లీ ఇచ్చాను. ఈసారి మూడు సున్నాలు వచ్చాయి, వాటిలో ఒకటి మొదటిసారి కూడా సున్నా పడినదే. పక్కన మాత్రం గురువుగారు "లోపలా? బయటా?" అని రెండే రెండు మాటలు రాసి వదిలేశారు.

దీనికి ఏదైనా సూత్రం ఉందా, లేక ఒక్కొక్క ప్రయోగాన్నీ విడివిడిగా బట్టీ పట్టాల్సిందేనా? తెలుగులో అన్నిటికీ 'మూల' అనే అంటాం కాబట్టి మన భాష కూడా ఇక్కడ సాయపడదనే అనుకుంటున్నాను. అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు (తార్నాక)

మీ గురువుగారు రాసిన రెండు మాటల్లోనే సూత్రం మొత్తం ఉంది. రెండు గోడలు కలిసిన చోట మనం లోపలివైపున ఉండి చూస్తే అది రింకోన్. బయటివైపున ఉండి చూస్తే అదే చోటు ఎస్కీనా. స్పానిష్ రాజ అకాడమీ నిఘంటువు కూడా రింకోన్‌కు లోపలికి వెళ్లే కోణమని, ఎస్కీనాకు రెండు పక్కలు కలిసే చోటి బయటి భాగమని అర్థం చెబుతుంది. నేను పాఠం చెప్పేటప్పుడు నిర్వచనం చదివించను. ఇల్లు ఊడ్చేటప్పుడు చీపురు సరిగా అందక దుమ్ము పేరుకుపోయే చోటు రింకోన్ అని, ఇరుకు సందులో బండి తిప్పినప్పుడు ఇరుసు రాసుకుని సున్నం రాలే చోటు ఎస్కీనా అని చెబుతాను. ఈ రెంటినీ ఒక్కసారి కళ్లకు కట్టించుకున్నవాళ్లు తరువాత పెద్దగా తడబడరు.

ఇక మీ వాక్యాల సంగతి చూద్దాం. దుకాణం రెండు వీధులు కలిసే చోట ఉంది, మనం వీధిలో నిలబడి దాన్ని చూస్తున్నాం. కనుక అది 'ల తియెందా దె ల ఎస్కీనా'. దుకాణానికి రెండు వీధులవైపూ ముఖం ఉందని చెప్పదలిస్తే 'ఆసె ఎస్కీనా' అనే చక్కని పలుకుబడి ఒకటుంది. భవనం మూలను 'చేస్తోంది' అన్నట్టుగా ఉంటుంది గాని, స్పానిష్‌లో అది రోజువారీ మాట. ముసలావిడ కూర్చున్నది గది లోపల కాబట్టి 'ఎన్ ఎల్ రింకోన్'. పిల్లవాడికి తగిలింది బల్ల బయటికి పొడుచుకొచ్చిన భాగం; అది ఎస్కీనా. ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు స్పెయిన్‌వాళ్లు ఇక్కడ 'పీకో' అని కూడా అంటారు. పీకో అంటే పక్షి ముక్కు, ఏదైనా మొనదేలిన భాగం. మోకాలికి తగిలిన బల్లమూలకు అంతకంటె తగిన మాట లేదని నా అభిప్రాయం. ఫొటోకు, కాగితానికి, తెరకు లోపలా బయటా అనే భేదం లేదు. బల్లపరుపుగా ఉన్న వస్తువుల మూలలన్నీ ఎస్కీనాలే, కనుక 'ఎస్కీనా సుపెరియోర్ దెరేచా' అని రాయండి.

తెలుగు సాయపడదన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. 'మూల' అన్న ఒక్క మాటనే పట్టుకుంటే సాయపడదు గాని, దాని చుట్టూ మనకున్న పలుకుబడులను చూస్తే చాలా సాయపడుతుంది. 'మారుమూల పల్లె', 'మూలన పడేసిన కుట్టుమిషను', 'మూలమూలలా వెదికాం' అంటాం కదా. వీటన్నిటిలోనూ ఉన్నది రింకోన్ భావమే. మూలన పడేయడానికి స్పానిష్ క్రియ రింకోన్ నుంచే పుట్టింది, దాన్ని 'అర్రింకొనార్' అంటారు. ఒక వస్తువును వాడకుండా పక్కన పెట్టడమే కాక, ఒక మనిషిని కదలడానికి వీల్లేకుండా మూలకు నెట్టడాన్ని కూడా ఇదే క్రియ చెబుతుంది. మన భాషలోనూ ఈ రెండు అర్థాలూ 'మూల' చుట్టూనే తిరుగుతాయి. వీధుల దగ్గర ఎస్కీనా భావం ఉన్నచోట మనం సాధారణంగా 'మూల' అనను కూడా అనం. వీధి మలుపు అంటాం, సందు మొగ అంటాం, రోడ్డు చివర అంటాం. అంటే ఈ భేదం మనకు తెలియనిది కాదు, ఇంగ్లిష్ మాట మధ్యలో అడ్డు నిలబడడం వల్ల కనబడకుండా పోయింది. అందుకే నా విద్యార్థులతో నేను ఇంగ్లిష్ వాక్యాన్ని ముందు మంచి తెలుగులో చెప్పించి, ఆ తరువాతే స్పానిష్ రాయిస్తాను.

మాట పుట్టుక గురించి ఒక్క విషయం చెప్పి ఆపుతాను. రింకోన్ అరబ్బీ నుంచి, ఒకప్పుడు స్పెయిన్‌లో మాట్లాడిన అండలూసియా అరబ్బీ మీదుగా స్పానిష్‌లోకి వచ్చిన మాట, మూలం 'రుక్న్'. హైదరాబాదులో ఉర్దూ వార్తలు వినేవారికి 'రుక్నె అసెంబ్లీ' అంటే శాసనసభ సభ్యుడని తెలుసు. స్తంభం, ఆధారం, మూల అనే అర్థాలన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. అయితే అరబ్బీలో దానికి లోపలివైపు అనే పరిమితి లేదు. మక్కాలో కాబా కట్టడపు బయటి మూలలను కూడా రుక్న్ అనే అంటారు, యాత్రికులు దాని చుట్టూ తిరుగుతూ యెమెన్ దిక్కుగా ఉన్న మూలను 'రుక్ను యమానీ' అని పిలుస్తారు. అంటే ఈ మాటను గది లోపలికి పంపించి, బయటి పనిని ఎస్కీనాకు అప్పగించింది స్పానిష్ భాషే.

జవాబు (బార్సిలోనా నుంచి ఒక తెలుగువాడు)

తార్నాకవారు చెప్పిన సూత్రం సరైనదే. నేను ఉండే ఊళ్లో మాత్రం వీధిలోకి దిగగానే మూడో మాట ఒకటి ఎదురవుతుంది కనుక దాన్ని కూడా చెప్పడం అవసరమనిపించింది.

బార్సిలోనాలో ఎయ్‌షాంప్లె అనే విశాలమైన ప్రాంతాన్ని ఇల్దెఫోన్స్ సెర్దా అనే ఇంజనీరు 1859లో వేసిన పథకం ప్రకారం కట్టారు. గళ్ల నోటుపుస్తకంలా వీధులన్నీ నిలువుగా, అడ్డంగా సాగుతాయి. ఒక్కో గడి ఒక్కో వైపు సుమారు 113 మీటర్లు ఉంటుంది. విశేషమేమిటంటే ఆ గళ్లకు మొనదేలిన మూలలు లేవు. ప్రతి మూలనూ ఏటవాలుగా కోసేశారు, అలా కోసిన ముఖం సుమారు 20 మీటర్లు ఉంటుంది. బళ్లు సులువుగా తిరగడానికి, అడ్డవీధిలోంచి వచ్చేది ముందే కనబడడానికి సెర్దా ఈ ఏర్పాటు చేశాడు. ఆ కోసిన ముఖాన్ని స్పానిష్‌లో 'చఫ్లాన్' అంటారు. మందుల దుకాణాలు, కాఫీ హోటళ్లు, బ్యాంకులు ఈ చఫ్లాన్‌ల మీదే ఉంటాయి, ఎందుకంటే అక్కడ ముఖద్వారం నాలుగు దిక్కులనుంచీ కనబడుతుంది. మన లేఅవుట్లలో రెండు రోడ్లు కలిసే చోట కార్నర్ ప్లాటు కొసను కొంత కోసి రోడ్డుకు వదిలే పద్ధతి ఉంది కదా, దాన్నే చాలా పెద్ద ఎత్తున ఊరంతటా చేశారనుకోండి.

వచ్చిన కొత్తలో ఒక స్నేహితుణ్ణి కలుసుకోవడానికి రెండు వీధుల పేర్లు చెప్పి ఆ ఎస్కీనాలో ఉంటానన్నాను. అరగంట గడిచినా అతను రాలేదు. ఫోను చేస్తే తానూ అక్కడే ఉన్నానన్నాడు. తీరా చూస్తే కూడలికి అవతలి వైపున, ఆపి ఉంచిన ఒక వ్యాను వెనక, నిలబడి ఉన్నాడు. అతను నవ్వుతూ, "ఏ చఫ్లానో చెప్పాలి కదా, సముద్రంవైపుదా, కొండవైపుదా?" అన్నాడు. ఈ ఊళ్లో ఉత్తర దక్షిణాలు పెద్దగా వాడరు. ఒకవైపు సముద్రం, ఒకవైపు కొండ కాబట్టి దారి చెప్పడానికి ఎక్కువగా ఆ రెంటినే వాడతారు. కూడలి ఒక్కటే అయినా దానికి నాలుగు చఫ్లాన్‌లు ఉంటాయని నాకు ఆరోజు బాగా తెలిసివచ్చింది.

దీనివల్ల మీ అనువాదానికి కలిగే ప్రయోజనం ఇది. ఇంగ్లిష్ కథ ఎక్కడ జరుగుతోందో చూసుకోండి. అది బార్సిలోనా కథ అయితే కూడలి దగ్గరి కాఫీ హోటలును ఎస్కీనా అన్నా తప్పు కాదు, ఇక్కడివాళ్లు కూడా అంటారు. కాని చఫ్లాన్ అని రాస్తే ఊరు కళ్లముందు నిలుస్తుంది. బ్యూనస్ ఐరిస్ కథ అయితే ఇలాంటి కోసిన మూలకే 'ఒచావా' అనే వేరే పేరుంది, అక్కడ చఫ్లాన్ రాస్తే పరాయిగా వినబడుతుంది. ఇక్కడి మరో భాష కాతలాన్‌లో కూడా లోపలి మూలకు 'రకో', వీధి మూలకు 'కాంతొనాదా' అని రెండు మాటలున్నాయి. ఫ్రెంచ్‌వాళ్లు మాత్రం ఇంగ్లిష్‌వాళ్లలాగే ఒకే మాటతో సరిపెట్టుకుంటారు. కనుక మీరు నిఘంటువును తిట్టుకోవాల్సిన పని లేదు.

జవాబు (ఉపశీర్షికల పని చేసే మనిషిని)

పైన ఇద్దరూ చెప్పినవి ఒప్పుకుంటూనే, ఈ సూత్రం ఎక్కడెక్కడ పట్టు తప్పుతుందో కూడా చెప్పాలనిపించింది. లాటిన్ అమెరికా ధారావాహికలకు ఉపశీర్షికలు రాయడం నా వృత్తి కాబట్టి ఈ రెండు మాటలు రోజూ నా చెవిన పడుతూనే ఉంటాయి.

మొదటిది, గది లోపలి మూలను ఎస్కీనా అనేవాళ్లు ఉన్నారు. మెక్సికో ధారావాహికల్లో 'ఎన్ ల ఎస్కీనా దెల్ క్వార్తో' అనే ప్రయోగం నేను చాలాసార్లు విన్నాను. దాన్ని తప్పు అనడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే ఆ మాట అన్నది ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్లు. పరీక్ష రాసే విద్యార్థి మాత్రం గది లోపల రింకోన్ అనే రాయడం క్షేమం. రెండోది ఆటలు. ఫుట్‌బాల్‌లో మూలనుంచి తన్నేటప్పుడు బంతిని మైదానపు గీతల లోపలి కోణంలోనే పెడతారు, అయినా అది స్పెయిన్‌లో 'సాకె దె ఎస్కీనా', అమెరికా ఖండంలో 'తీరో దె ఎస్కీనా'. మైదానాన్ని గదిగా కాక కాగితంలాంటి చదునైన వస్తువుగా చూస్తే దీన్ని కూడా తార్నాకవారి సూత్రంలోకి తెచ్చుకోవచ్చు. బాక్సింగ్ బరి దగ్గర మాత్రం రెండూ వినబడతాయి, అక్కడ సూత్రం వెదకడం అనవసరం.

మూడోది నాకు చాలా ఇష్టమైన సంగతి. వెనెజువేలా రాజధాని కరాకస్ పాతబస్తీలో చిరునామాలు వీధి పేర్లతో కాక ఎస్కీనాల పేర్లతో చెబుతారు. ప్రతి కూడలికీ ఒక పేరుంటుంది, ఇల్లు ఏ ఎస్కీనా నుంచి ఏ ఎస్కీనా మధ్య ఉందో చెబితే చిరునామా అయిపోయినట్టే. లాటిన్ అమెరికా స్వాతంత్ర్య పోరాట నాయకుడు సిమోన్ బొలీవర్ పుట్టిన ఇంటి చిరునామా 'సాన్ హసింతో అ త్రపోసోస్', అంటే సాన్ హసింతో మూల నుంచి త్రపోసోస్ మూల దాకా ఉన్న ఆ ముక్కలో అని. మొదటిసారి ఒక సంభాషణలో ఇలాంటి చిరునామా వచ్చినప్పుడు నేను దాన్ని ప్రయాణమనుకుని, 'ఫలానా చోటినుంచి ఫలానా చోటికి వెళ్లాలి' అని రాసేశాను. సరిచూసే ఆవిడ పట్టుకోకపోయి ఉంటే అది అలాగే తెరమీదికి వెళ్లేది. ఇలాంటిచోట ఎస్కీనాను 'మూల' అని తెలుగు చేయలేం. కోస్తావాళ్లకైతే 'సెంటరు', తెలంగాణవాళ్లకైతే 'చౌరస్తా' అంటేనే అర్థమవుతుంది, ఎందుకంటే ఆ మాట ఇప్పుడు గోడల కోణాన్ని కాక ఊళ్లో ఒక గుర్తును చెబుతోంది.

రింకోన్ కూడా ఇలాగే గోడలను దాటిపోయింది. 'రింకోన్ దె లెక్తూరా' అంటే పుస్తకాలు చదువుకోవడానికి కుదుర్చుకున్న చోటు. అది కిటికీ పక్కన, ఏ కోణమూ లేని చోట ఉన్నా రింకోనే. స్పెయిన్‌లో ఏ ఊరికి వెళ్లినా 'ఎల్ రింకోన్ దె' ఫలానా అని పేరు పెట్టుకున్న భోజనశాల ఒకటైనా కనబడుతుంది. ఆ పేరులో కోణం ఎక్కడా లేదు, నలుగురి కంటా పడకుండా హాయిగా కూర్చునే చోటు అన్న ఆప్యాయత మాత్రం ఉంది. ఉరుగ్వే, అర్జెంటీనాలలో నది వంపు తిరిగినప్పుడు ఆ వంపు లోపల చిక్కుకున్న భూమిని కూడా రింకోన్ అంటారు. ఉరుగ్వేలో నల్లనది మీద కట్టిన పెద్ద జలవిద్యుత్ ఆనకట్ట పేరు రింకోన్ దెల్ బొనేతె. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నది వంపునే చెప్పాలంటే 'రెకోదో' అనాలి, రింకోన్ అనేది ఆ వంపు కౌగిలించుకున్న నేల.

మీ అయిదో వాక్యానికి, అంటే ప్రపంచం నలుమూలలకు, ఇందువల్లే రింకోన్ సరిపోతుంది. 'పోర్ తోదోస్ లోస్ రింకోనెస్ దెల్ ముందో' అని రాయండి. ఎంత దూరమైన, ఎవరికీ తెలియని చోటైనా అన్న అర్థం అందులో వస్తుంది. కాలం విషయంలో మాత్రం ఎస్కీనాయే కావాలి. పండగ దగ్గరపడిందని చెప్పడానికి స్పానిష్‌వాళ్లు 'అ ల బ్వేల్తా దె ల ఎస్కీనా' అంటారు, వీధి మలుపు తిరిగితే చాలు ఎదురుపడుతుందన్నట్టు. మనం సంక్రాంతి ముంగిట్లోకి వచ్చిందంటాం. వాళ్లు పండగను వీధిలో ఉంచారు, మనం వాకిలి దాకా తెచ్చుకున్నాం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. గడపలో నిలబడి మా ఇంటి గోడను లోపలినుంచి ఒకసారి, బయటినుంచి ఒకసారి చూసి వచ్చాను. మా అమ్మ ఏమి వెదుకుతున్నావని అడిగింది. ఇప్పుడు అయిదు వాక్యాల మీద నాకు అనుమానం లేదు. దుకాణం, బల్ల, ఫొటో ఎస్కీనా. ముసలావిడ, ప్రపంచం రింకోన్. రెండుసార్లూ సున్నా పడిన ఆరోది మాత్రం మిగిలిపోయింది. కంటి కొసకు లోపల బయట ఎలా చూడాలి? రింకోన్ రాసినా తప్పే, ఎస్కీనా రాసినా తప్పే అయింది.

జవాబు (తార్నాక)

శరీరం దగ్గరికి వచ్చేసరికి ఆ రెండు మాటలూ పనికిరావు. కంటి కొసకు 'రబీయో దెల్ ఓహో' అంటారు. రబీయో అంటే చిన్న తోక. కన్ను సన్నగా సాగి ముగిసే చోటును తోకతో పోల్చారన్నమాట. 'కొన్ ఎల్ రబీయో దెల్ ఓహో' అంటే అచ్చంగా మన కడగంటి చూపే. చూపులో కొంత అనుమానమో చిన్నచూపో ఉందని చెప్పాలంటే 'మిరార్ దె రెఓహో' ఇంకా బాగుంటుంది. మీ ముసలావిడ ఆయనను గమనించడంలో ఏ భావం ఉందో కథలో చూసి నిర్ణయించుకోండి. కథలో ఆవిడ ఆయనకు అప్పు ఇచ్చి ఉంటే రెండోది, ఊరికే పరాయి మనిషిని చూస్తుంటే మొదటిది.

పెదవుల కొసకు కూడా వేరే మాట ఉంది, 'కొమిసూరా'. అది కొంచెం పుస్తకాల మాటే గాని, వైద్యులూ రచయితలూ మామూలుగా వాడతారు. చాలామంది మరిచిపోయారు గాని మనకూ దీనికి ప్రత్యేకమైన మాట ఉంది. పాత కావ్యాల్లో పెదవులు కలిసే ఆ చోటును 'సెలవి' అంటారు. ఎప్పుడైనా కొమిసూరా తెలుగు చేయాల్సి వస్తే 'నోటి మూల' అని రాసేముందు ఆ మాటను ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇంకొక చిన్న సవరణ. మీరు దుకాణం గురించి 'ఆసె ఎస్కీనా' రాయదలిస్తే కర్త దుకాణమో ఇల్లో అయి ఉండాలి. మొన్న ఒక విద్యార్థి, మిత్రుడు వీధి మూలన నిలబడ్డాడని చెప్పబోయి, మిత్రుడే 'ఆసె ఎస్కీనా' అని రాశాడు. చదివినవాళ్లకు ఆ పెద్దమనిషి రెండు వీధులవైపూ ముఖం పెట్టుకుని ఉన్నట్టు అనిపించింది. మనిషి అయితే 'ఎస్తా ఎన్ ల ఎస్కీనా' అంటే చాలు.